నవ్వితే పగిలే రంగు

రాజపాళయంలో రామర్ అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు. అరిదారం రామర్ అంటే మాత్రం ఒక్కడే. అరిదారమంటే నాటకాలవాళ్ళు ముఖానికి పూసుకునే రంగు. సేత్తూరు తిరునాళ్ళయినా, మంసాపురం కొడై జాతర అయినా, చోళపురంలో అమ్మవారి పొంగలయినా, నాటకం ఉందంటే తెర వెనక రంగుపెట్టె ముందేసుకుని కూర్చునేది ఆయనే. బొగ్గులమ్మేవాణ్ణి దేవుణ్ణి చేసేవాడు. మీసాలు గొరిగించి మొగాణ్ణి రాణిని చేస్తే, ముందు వరసలో పెద్దమనుషులు పైపంచెలు సర్దుకునేవాళ్ళు.

ఆయన పద్ధతి ఒకటే. "కడాన కూర్చున్న ముసలమ్మకి కూడా కన్నేది, మూతేది తెలియాల" అనేవాడు. అందుకని రంగు దట్టంగా, మందంగా వేసేవాడు. ముప్పై ఏళ్ళు అదే చెయ్యి, అదే వాటం. అలాంటివాణ్ణి పట్టుకుని, ఎవరి కంటికీ కనబడని రంగు వెయ్యరా అంది విధి. దానికి వేరే పనిలేదు కాబోలు!

నాయకర్ల ఇంటి బిడ్డ. తాతముత్తాతలంతా పత్తిచేలల్లో నడుములు వంచినవాళ్ళు. ఈయన మాత్రం పదిహేనో ఏట నాటకం చూసి, మర్నాడే ఆ జట్టు రంగుపెట్టె మోసే పనికి కుదురుకున్నాడు. బంధువులు 'కూత్తాడి', అంటే వేషాలాడేవాడు, అని పేరు పెట్టి గడప తొక్కనివ్వలేదు. పెళ్ళాం జక్కమ్మ కామెర్లతో పోయేనాటికి కూతురు భాగ్యానికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లను ఎవరింట్లో వదలాలి? నాటకం ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోయేవాడు. రంగుపెట్టె పక్కనే చాప పరిచి పడుకోబెట్టేవాడు. పిల్ల అలా పెరిగింది, అలాగే చదివింది, ఎస్సెస్సెల్సీ ప్యాసయింది.

కోట వీధిలో మంగళం అమ్మ అని రాజుల ఇంటి పెద్దావిడ ఒకామె ఉండేది. తన ఇంటి ముందు హాల్లో బాలర్ పళ్ళి నడిపేది. అంటే పలక పట్టడం కూడా రాని చిన్నపిల్లల బడి. ఆమె భాగ్యాన్ని పిలిచి పని ఇచ్చింది. ఆ రోజు నుంచి వీధిలో భాగ్యం టీచరమ్మ అయింది, రామర్ టీచరమ్మ నాయన అయ్యాడు. బస్సులో ఒకాయన లేచి, "టీచర్ నాయన, కూర్చోండి" అని సీటిచ్చాడట. ఆ సంగతి ఆయన ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. ముప్పై ఏళ్ళు ఊరంతటికీ ముఖాలు వేసిన మనిషికి తన ముఖానికంటూ ఒక గౌరవం దొరికింది అప్పుడే.

పందొమ్మిదివందల యాభై ఏడులో, సంక్రాంతి వచ్చే తై నెల పోయాక, ఒక ఉదయం భాగ్యం చేతి అద్దంతో వచ్చింది.

"నాయనా, ఇది ఏమి చూడు."

పెదవి ఎడమ చివర, శనగ గింజంత తెల్లమచ్చ. రామర్ దాన్ని తడిగుడ్డతో తుడిచాడు. గోటితో గీకాడు. పిన్నుతో గుచ్చితే పిల్ల "ఆ!" అంది. నొప్పి తెలుస్తోంది, కుష్టు కాదేమోనని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. అయినా ఎవరికీ చెప్పకుండా మదురైకి బస్సెక్కించాడు.

డాక్టరు మూడు మాటలు చెప్పాడు. ఇది కుష్టు కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. దీనికి మందు లేదు. మొదటి రెండూ ఊరు నమ్మదు, మూడోది మాత్రం అడక్కుండానే నమ్ముతుందని తిరుగు బస్సులో రామర్‌కు అర్థమైంది. ఊళ్ళో దాన్ని వెణ్కుష్టం అనేవాళ్ళు. తెల్లకుష్టు. పక్క వీధిలో అప్పడాలు ఒత్తే ఆవిడకు చేతిమీద అలాంటిదే వస్తే, నెల తిరక్కుండా ఆమె అప్పడం కొనేవాడు లేకపోయాడు. రెండు నెలలకు ఆమే ఊళ్ళో లేకుండా పోయింది. అప్పడానికే అంత జరిగితే, పసిపిల్లల మూతి తుడిచే టీచరమ్మను ఉండనిస్తారా?

"నువ్వేమీ దిగులుపడొద్దు. నేనుండాను గదా! ఊరందరికీ వేసినా, నా బిడ్డకి వెయ్యలేనా?" అన్నాడు.

మర్నాడు తెల్లారకముందే లేచాడు. గది తలుపు మూసి, నాటకానికి వాడే పెట్రోమాక్స్ వెలిగించాడు. పసుపుమట్టి, కావి, దీపంమసి, చిటికెడు తెల్లరంగు రాతిమీద వేసి ఆముదం చుక్కతో నూరాడు. వేలికొసతో అద్దాడు. మచ్చ మాయమైపోయింది. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, ఎక్కడుందో తనకే తెలియలేదు. సంతోషం పట్టలేక పిల్ల నెత్తిమీద ముద్దు పెట్టుకున్నాడు.

భాగ్యం వీధిలోకి అడుగుపెట్టింది. ఎదురింటి అరుగుమీద అంబుజం, నెలల పిల్ల కనకాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. జవుళి అంగడాయన భార్య. మనసు చెడ్డది కాదు, నోరే కాస్త పెద్దది.

"ఏమే భాగ్యం, నువ్వు కూడా నాయనతో నాటకానికి పోతుండావా? మూతికి ఎర్రగా ఏమది?"

భాగ్యం "వక్క నమిలినా అక్కా" అని, చేత్తో మూతి మూసుకుని వెనక్కి వచ్చేసింది. ఆ రోజు బడికి కడుపునొప్పని కబురు పంపారు.

రామర్ పిల్లను ఎండలో నిలబెట్టి చూశాడు. పెదవి పక్కన ఇటుకముక్క అతికించినట్టుంది. ఛీ! ముప్పై ఏళ్ళ చేతికి ఎంత సిగ్గు! జరిగిందేమిటో అప్పుడు తట్టింది. పెట్రోమాక్స్ వెలుగు ఎరుపును మింగేస్తుంది. అందుకని కావి ఒక పాలు ఎక్కువ వెయ్యడం ఆయన చేతికి తెలియకుండానే అలవాటైపోయింది. రాజుల్నీ రాణుల్నీ చేసిన ఆ మనిషి, పగటి వెలుతురులో మనిషి ముఖానికి ఒక్కనాడూ రంగు కలిపి ఎరగడు. ఆయన కళ్ళు రాత్రి కళ్ళు. వాటితో పగలు బతకాల్సిన పిల్లను ఎలా కాపాడతాడు?

అదిగో, ఆ రోజు నుంచి యాభై రెండేళ్ళ రామర్ మళ్ళీ ఓనమాలు మొదలుపెట్టాడు. వీధి కుళాయి దగ్గర నిలబడి ఎండలో ఆడవాళ్ళ చెంపలు చూడసాగాడు. చర్మం ఒక రంగు కాదు. ముక్కు పక్కన ఒకటి, చెంప ఎముక మీద ఒకటి, పెదవి కింద ఇంకొకటి. దాంట్లో రంధ్రాలుంటాయి, నూగుంటుంది, కింద నెత్తురు తిరుగుతుంది. ఇవన్నీ ఒళ్ళు మరిచి చూస్తున్నాడు పాపం. ఆడవాళ్ళు ఊరుకుంటారా? "చీ! పెళ్ళికెదిగిన కూతుర్ని ఇంట్లో పెట్టుకొని, ముసలాయనకి ఏమి బుద్ధి ఇది?" అని ఒకామె బిందెడు నీళ్ళు కాళ్ళమీద గుమ్మరించింది. తడిసిన పంచెతో ఇంటికొచ్చి, ఆమె చెంపరంగు మరిచిపోకముందే రాతిమీద కలిపి చూసుకున్నాడు.

మూడు వారాల్లో దారికొచ్చాడు. సంజీవి మలై కొండ మీదుగా ఎండ దిగి వెనక నడవలో పడేదాకా పెట్టె తెరిచేవాడు కాదు. ఒకే రంగు పూయడం మానేసి మూడు రంగులు చుక్కచుక్కగా అద్దేవాడు. కొబ్బరిపీచు కొస కత్తిరించి దాంతో తడితే చర్మం మీది రంధ్రాల్లాగే పడేవి. అంచులు గీతలా ఆగకుండా వేలితో బయటికి లాగి వదిలేసేవాడు. చివర ఒక చిన్న పుట్టుమచ్చ పెట్టేవాడు. చూసేవాళ్ళ చూపు దానిమీద ఆగి, అక్కడినుంచే వెళ్ళిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. నాటకంలో రంగు వేశాక పైన పౌడరు కొట్టాలి. కొడితేనే రంగు చెమటకు కారదు, చేతికి అంటదు. కానీ పౌడరు కొట్టిన మరుక్షణం ముఖం పూసిన ముఖమైపోతుంది. పూసుకున్న టీచరమ్మను బడికి ఎవరు రానిస్తారు? కూత్తాడి రక్తం ఎక్కడికి పోతుందంటారు. అందుకని రామర్ పౌడరు మానేశాడు. చర్మం చర్మంలాగే ఉండాలంటే అదొక్కటే దారి.

పౌడరు లేని రంగుకు కాపలా కావాలి. ఆ కాపలా భాగ్యం కాసింది.

"కొంగుతో మూతి తుడుచుకోవద్దు తల్లీ. పిల్లోళ్ళను మొగం దగ్గరకి రానీవద్దు. ఎత్తుకుంటే కుడిపక్కే ఎత్తుకో." కాస్త ఆగి చెప్పలేక చెప్పాడు. "నోరు తెరిచి నవ్వొద్దు. నవ్వితే పగులుతుంది."

ఇరవై రెండు మంది పసిపిల్లల మధ్య, రోజంతా నవ్వకుండా ఉండమన్నాడు! ఇదెక్కడి న్యాయం చెప్పండి? ఆ పిల్ల తలూపింది. పెదవులు దగ్గరగా పెట్టి పాటలు నేర్పేది. పిల్లలు కోతిచేష్టలు చేస్తే గోడవైపు తిరిగేది. మన టీచరమ్మ ఎంత నెమ్మది, ఎంత అణకువ అని మంగళం అమ్మ మురిసిపోయేది.

మచ్చ మాత్రం ఊరుకోలేదు. శనగ గింజంతది చింతపిక్కంతయింది. యాభై తొమ్మిదికి పెదవి దాటి చెంపకెక్కింది. చిత్తిరై ఎండలకు పిల్ల చామనఛాయ తిరిగితే రంగులు మళ్ళీ కలపాలి. వానల్లో తేరుకుంటే మళ్ళీ మార్చాలి. మొదట పావుగంట పట్టే పని గంటన్నర పట్టసాగింది. తెల్లారేసరికి ఇంట్లో ఉండాలి కాబట్టి దూరం నాటకాలు మానుకున్నాడు. దగ్గరివాటికి వెళితే అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. సేత్తూరులో రాజు వేషగాడు అద్దంలో చూసుకుని గొల్లుమన్నాడు.

"ఏమయ్యా రామర్, నా మొగం నా మొగం మాదిరే ఉండాదే! నేను రాజునా, బియ్యమంగడి కామరాజ్‌నా?"

చెయ్యి మారిపోయింది. కనబడకుండా వెయ్యడం అలవాటైన చెయ్యి, కనబడేట్టు వెయ్యడం మరిచిపోయింది. ఆ ఏడాది జట్టువాళ్ళు వేరే మనిషిని చూసుకున్నారు. ఇంక రామర్‌కు మిగిలిందల్లా ఒక్క ముఖం. పొద్దున వేసిన రంగు సాయంత్రం మూడున్నరకు మిల్లు సైరను, ఆ సంగు, కూసేదాకా నిలవాలి. ఆ సంగు వినేదాకా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు, అన్నం కూడా సయించేది కాదు. భాగ్యం వచ్చి గడప దాటి, "ఎవరూ చూడలా నాయనా" అంటే అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు.

అరవై ఒకటి, వైకాసి నెల. మంగళం అమ్మ రామర్‌ను పిలిపించింది. మచ్చ సంగతి ఆమెకు తెలిసిపోయిందనుకున్నాడు.

"కూర్చో రామర్. నాకు వయసైపోయినాది. కళ్ళు సరిగా అగపడవు. వచ్చే ఆని నెల ఒకటో తేదీ నుంచి బడి నీ కూతురి చేతికి ఇస్తుండాను. హాలు, బెంచీలు, పిల్లోళ్ళు అంతా దానిదే. నీకు సమ్మతమేనా?"

రామర్ పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. కూత్తాడి కూతురికి బడి! ఇంటికి వచ్చేదాకా రోడ్డు కనబడలేదు. ఆనికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఈ పద్దెనిమిది రోజులూ రంగు నిలిస్తే చాలు, బడి పిల్లదైపోతే తర్వాత సంగతి తర్వాత అనుకున్నాడు. ఏ దేవుణ్ణి అడిగాడో ఆయనకే తెలియదు, అందర్నీ అడిగాడు.

ఆరు రోజులు బాగానే గడిచాయి. ఏడో రోజు పది గంటలవేళ, వెనక నడవలో కూర్చుని కావి నూరుతున్నాడు. ఎదురింట్లో గోల వినబడింది. అంబుజం గొంతు.

"అయ్యో, నా బిడ్డ చెంప చూడండే! ఎర్రమచ్చ! పొద్దున లేదే!"

నూరే చెయ్యి ఆగిపోయింది. వీధిలోకి వస్తే అరుగుమీద ఆడవాళ్ళు గుంపుకట్టి ఉన్నారు. ఒకామె చెప్పుకుపోతోంది. కనకానికి ఇప్పుడు నాలుగేళ్ళు. బడిమెట్టు మీదనుంచి పడి నుదురు పగలగొట్టుకుందట. నెత్తురు చూసి పిల్ల కెవ్వుమంటే, భాగ్యం టీచరు పరుగెత్తుకొచ్చి ఎత్తుకుని, చెంపకు చెంప ఆనించి ఊరుకోబెట్టిందట. అంబుజం వెళ్ళి పిల్లను లాక్కుని చూస్తే, నుదుటి దెబ్బ సరే, చెంప మీద రాగిరంగు మచ్చ. తలెత్తి టీచరు ముఖం చూస్తే మూతి పక్కన తెల్లగా!

"పెద్దరోగం అంటే అది. ముట్టుకోంగానే అంటుకునేసినాది!"

ఏ మచ్చ అంటదో అది అంటిందన్నారు. నిజంగా అంటింది రామర్ కలిపిన రంగు. తెల్లటి పిల్ల చెంపమీద అది చూడ్డానికి రోగంలాగే ఉండి ఉంటుంది, పౌడరు లేకుండా చర్మంలో కలిసిపోయేట్టు అంత శ్రద్ధగా చేశాడు మరి. లోపలికి పరుగెత్తి కొబ్బరినూనె సీసా పట్టుకుని ఎదురింటి గడప దగ్గరకు చేరాడు. ముప్పై ఏళ్ళుగా నాటకం ముగిశాక రంగు తీసింది ఆ నూనెతోనే. ఒక్క చుక్క చాలు.

నట్టింట్లో అంబుజం పిల్లను ఒళ్ళో అదిమి పట్టుకుని ఉంది. సీకాయతో తోమీ తోమీ చెంప కందిపోయింది. నూనెరంగు నీళ్ళకు పోతుందా? మచ్చ ఇంకా పెద్దదైంది. అంబుజం అత్తగారు ధనం, కుంపటి ముందు కూర్చుని వాత పెట్టడానికి పసుపుకొమ్ము కాలుస్తోంది. కొస నిప్పుకణికయింది.

"గట్టిగా పట్టుకో అంబుజం. మచ్చ మీద ఒక్క సూడు పెడితే లోపలికి పోదు. మా కాలంలో అందరికీ ఇదే చేసినాము."

"అత్తా, మొగమత్తా..." అంబుజం ఏడుస్తోంది.

"మొగం ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

రామర్ గడప మీద నిలబడిపోయాడు. నోరు తెరవాలి. 'అది రంగమ్మా, రోగం కాదు' అంటే సరిపోతుంది. కానీ ఆ మాట తర్వాత ఇంకో మాట వస్తుంది. రంగెందుకు? ఎవరికి? దేన్ని దాచడానికి? ఆయన మనసు గబగబా కొలిచింది. వాత చిన్నది. పది రోజుల్లో మానుతుంది. పిల్లదానికి గుర్తు కూడా ఉండదు. రంగు ఎలాగూ రెండు స్నానాలకు పోతుంది, వాతతోనే పోయిందనుకుంటారు. భాగ్యం చెంపది ఎండకు పొక్కిందనో, సున్నం పడిందనో చెప్పుకోవచ్చు. ఆని ఒకటో తేదీకి ఇంక పదకొండు రోజులే.

ధనం పసుపుకొమ్ము పైకెత్తి ఊదింది. కనకం దాన్ని చూసి గుక్కపట్టింది. సీసా రామర్ చేతిలోనే ఉంది. మూత కూడా తీసే ఉంది. ఆయన కదల్లేదు.

వెనకనుంచి ఎవరో ఆ సీసా లాక్కున్నారు.

భాగ్యం. బడినుంచి పరుగెత్తుకొచ్చింది, రొప్పుతోంది. తండ్రి ముఖంలోకి ఒకసారి చూసింది. లోపలికి దూసుకుపోయి ధనం చెయ్యి తోసేసింది. కొమ్ము నేలమీద పడి పొగలు కక్కింది.

"ముట్టుకోవద్దు! నా మనవరాల్ని ముట్టుకోవద్దు!" అని ధనం అరుస్తూనే ఉంది. భాగ్యం కొంగుకొస నూనెలో తడిపి కనకం చెంపమీద ఒక్కసారి రాసింది. మచ్చ పోయింది. కందిన చెంప తప్ప ఏమీ లేదు. అంబుజం పిల్ల ముఖం వెలుగుకు తిప్పి చూసింది, మళ్ళీ చూసింది.

భాగ్యం ఆ కొంగుతోనే తన చెంప తుడుచుకుంది. పెదవినుంచి చెవి కిందిదాకా మొత్తం. పుట్టుమచ్చ కూడా పోయింది. నాలుగేళ్ళ తర్వాత ఆ ముఖం మొదటిసారి నలుగురిలో బయటపడింది.

"ఇది నాది అక్కా. ఇది అంటదు. మదురై డాక్టరు చెప్పినాడు. బిడ్డకి అంటింది ఉత్త రంగు."

అంబుజం పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది. బిడ్డ దక్కిందన్న ఏడుపు అది. కొంత తేరుకున్నాక కోపం వచ్చింది. అదీ న్యాయమైన కోపమే, కాదనడానికి లేదు.

"నాలుగేండ్లు! నాలుగేండ్లు మా బిడ్డల్ని నీ చేతిలో పెట్టినాము. నువ్వు రంగు పూసుకొని మమ్మల్ని మోసం చేస్తుంటివా? రంగు అంటింది సరే. ఇది అంటదని నేనెట్ల నమ్మేది?"

"డాక్టరు చీటీ ఇంట్లో ఉండాది తల్లీ..." అన్నాడు రామర్ గడప మీదనుంచే.

"నువ్వు మాట్లాడొద్దు మామా. నీ చీటీ కూడా రంగు పూసిందే అయుంటుంది."

రామర్ గడప దిగాడు.

మర్నాడు బడికి ఇరవై రెండు మందిలో ముగ్గురొచ్చారు. ఆ ముగ్గుర్నీ మధ్యాహ్నం లోపల వచ్చి తీసుకుపోయారు. సాయంత్రం మంగళం అమ్మ తానే రామర్ ఇంటికి వచ్చింది. అరుగుమీద కూర్చుంది, లోపలికి రాలేదు.

"నువ్వు మంచిదానివే భాగ్యం. నాకు తెలుసు. పిల్లోళ్ళు లేని బడి నీకిచ్చి ఏమి లాభం చెప్పు? నేనేమి చెయ్యను?"

"సరి అమ్మా" అంది భాగ్యం.

పెద్దావిడ వెళుతూ వెళుతూ ఆ పిల్ల గడ్డం పట్టుకోబోయి చెయ్యి సగంలో ఆపుకుంది. ఆపుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది. తల దించుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రామర్ ఏడేళ్ళు బతికాడు. రంగుపెట్టె మంసాపురం కుర్రవాళ్ళకు ఇచ్చేశాడు. భాగ్యం కుట్టుమిషను నేర్చుకుంది, పొరుగూరి అంగడికి గౌన్లు కుట్టి పంపేది. పసిపిల్లల గౌన్లే. ఎవరు కుట్టారో తెలియకుండా ఊళ్ళో పిల్లలంతా అవే తొడుక్కునేవాళ్ళు. ఇదంతా తర్వాతి మాట. చెప్పవలసింది మంగళం అమ్మ వచ్చి వెళ్ళిన మర్నాటి పొద్దు.

సంజీవి మలై మీదుగా ఎండ వెనక నడవలోకి దిగింది. రామర్ అలవాటుకొద్దీ లేచి, పెట్టె తెరిచి, రాయి కడిగి కూర్చున్నాడు. పసుపుమట్టి తీశాడు, కావి తీశాడు. ఎదురుగా పీట ఖాళీగా ఉందని అప్పుడు చూశాడు. వీధి తలుపు తీసి ఉంది.

కాసేపటికి భాగ్యం బిందెతో వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది, ఏమీ పూసుకోలేదు. తెల్లచెంప ఎండలో మెరుస్తోంది.

"ఇంత బిర్రన వచ్చేసినావే? పైపుకాడ లైన్ లేదా?"

"నన్ను చూడంగానే అందరూ బిందెలు ఎత్తుకొని పోయినారు నాయనా. ఈ పొద్దు నేనే రాణిని. నాలుగు బిందెలైనా పట్టుకోవచ్చు."

అని నవ్వింది. పళ్ళన్నీ కనబడేట్టు, నోరంతా తెరిచి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు నిండి ఉన్నాయి, అయినా నవ్వింది. 'వద్దు తల్లీ, పగులుతుంది' అనడానికి రామర్ నోరు తెరిచాడు. పగలడానికి అక్కడ ఏమీ లేదు. అచ్చం జక్కమ్మ నవ్వు. ఇన్నాళ్ళూ ప్రతి పొద్దునా గంటన్నరసేపు ఆ ముఖాన్నే చూశాడు కదా, ఒక్కనాడూ జక్కమ్మ కనబడలేదేమి? ఇంక దాచుకోలేకపోయాడు.

"తల్లీ, మొన్న... కనకానికి సూడు పెట్టబోతుంటే నేను గడప మీదే నిలబడిపోయినా. నూనె నా చేతిలోనే ఉండింది."

భాగ్యం బిందె దించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, ఎడమ చెంప కూడా.

"చూసినా నాయనా" అంది.

రెండో బిందె తీసుకుని మళ్ళీ కుళాయి దగ్గరకు బయలుదేరింది.